పుష్పం ముక్కు

ఇంకాస్త దగ్గరికి జరుగు. ఆ ఫోను అట్లా పక్కన పెట్టు. ఇది తమిళనాట కోవిల్‌పట్టి కరుప్పయ్య సంగతి, పెద్ద గొంతుతో చెప్పేది కాదు.

ఆరోజు తెల్లవారుజామున ఐదున్నరకు కరుప్పయ్య గ్యాసు పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. ఎడమ చేతిలో అగ్గిపెట్టె, కుడి చేతిలో పుల్ల. గీయలేదు. మెడ కాస్త వంచి పక్క గదిలోకి కేకేశాడు.

"పుష్పం, వాసన వస్తా ఉండాదా?"

"లేదు మామా. ఎలిగించు."

అప్పుడు గీశాడు. నీలం మంట గుండ్రంగా లేచింది. గంజికి ఎసరు పెట్టాడు.

ముప్పై ఎనిమిదేళ్లు అగ్గిపెట్టెల కంపెనీలో మందు ముంచినవాడు కరుప్పయ్య. పుల్లలు బిగించిన చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని, పలక మీద పరిచిన మందులో వాటి తలలు మాత్రమే తడిసేలా దించి ఎత్తాలి. వెంట్రుకవాసి ఎక్కువ దిగితే తల లావవుతుంది, తక్కువైతే అంటుకోదు. ఆ మందు అతని వేళ్ల సందుల్లో గోధుమరంగు మచ్చలై మిగిలింది. ముక్కులో ఏం చేసిందో గానీ, నలభై దాటేసరికి అతనికి మల్లెపువ్వూ ఒకటే, మురికి కాలువా ఒకటే. మందుగది ఇంకొక అలవాటు కూడా నేర్పింది. పుల్ల అంటుకుంటుందో లేదో చూడాలన్నా, పక్కవాళ్లను అడగకుండా అక్కడెవరూ గీయరు. ఇంటికొచ్చినా కరుప్పయ్యకు అదే తీరు.

ముక్కు పోయిందని అతనేనాడూ బాధపడలేదు. ఇంట్లో భార్య పుష్పం ముక్కు ఉంది కదా! ఆమెది విరుదునగర్. పెళ్లికి ముందు మిరపకాయల గోదాములో తొడిమలు తీసేది. సంచి విప్పకుండానే, పక్కన నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, "దీంట్లో తేమ తగిలిన కాయలుండాయి" అనేదట. షావుకారు విప్పి చూస్తే అట్లాగే ఉండేదట. కోడలిగా వచ్చి అగ్గిపుల్లల చట్రాలు నింపుతూ, ఆ ముక్కుతోనే సంసారం నడిపింది. పాలు మాడితే ఆమే చెప్పాలి, పిండి పులిస్తే ఆమే చెప్పాలి. చొక్కా మెడ దగ్గర వాసన చూసి, "ఇది ఇప్పు మామా, బస్సులో జనం దిగిపోతారు" అనేది.

ఇప్పుడామె మంచం దిగదు. గుండె అలసిపోయిందని విరుదునగర్ ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. కాళ్లకు నీరు పట్టింది. గంజి తాగాలన్నా అతనే లేపి వీపుకు దిండు పెట్టాలి. అన్ని పనులూ పోయి ఆమెకొక్క పని మిగిలింది, రోజుకు మూడుసార్లు వాసన చూసి చెప్పడం. ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు పాత పుష్పం గొంతులా గట్టిగా పలికేది.

కరుప్పయ్య పాత కంపెనీలోనే ఇప్పుడు వాకిలి ఊడ్చే పని చేస్తున్నాడు. ఊడ్చి పది గంటలకు తిరిగి వచ్చేసరికి ఇంటి గుమ్మం ముందు గ్యాసు కంపెనీ పిల్ల నిలబడి ఉంది. మెడలో కార్డు, చేతిలో చిన్న పసుప్పచ్చ పెట్టె. పేరు అభినయ. మీటరు తనిఖీ అంటూ వారంలో ఇది మూడోసారి రావడం. మొదటిసారి అతను తలుపే తీయలేదు. రెండోసారి గోడమీది మీటరుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఆ మొండితనానికి కారణం లేకపోలేదు. ఈ గొట్టం గ్యాసు రాకముందు, సిలిండరు రోజుల్లో ఇద్దరు ఇట్లాగే కార్డులు వేలాడేసుకుని వచ్చి, గ్యాసు కారుతోందని బెదిరించి, నిక్షేపంలాంటి ట్యూబును కోసేసి కొత్తది అంటగట్టి పోయారు. తర్వాత ఏజెన్సీకి వెళ్లి అడిగితే మేమెవర్నీ పంపలేదన్నారు. ఆరోజు పుష్పం చెబుతూనే ఉంది, వాసన లేదు మామా అని. ఆమె మాట కాదని వాళ్ల మాట విన్నందుకు అతనికి ఇప్పటికీ కడుపుమంట.

"మళ్లా వచ్చేస్తివా?" అరవంలో అడిగాడు.

"ఈ వీదిలో మీ ఇల్లు ఒకటే మిగిలిండాది తాతా. ఐదు నిమిషాలు."

ఆ అరవ ఊళ్లో ఆమె నోట ఇంటి తెలుగు విని అతను ఆగాడు. "మనోళ్లేనా నువ్వు? ఏ ఊరు?"

"ఒట్టపిడారం పక్కన."

"తెలుగు మాట్లాడితే తలుపు తీస్తారని కంపెనీలో నేర్పిచ్చినారా?"

"కంపెనీ నేర్పిచ్చింటే ఇంకా బాగా మాట్లాడుదును తాతా. ఇది మా అమ్మ నేర్పిచ్చింది."

లోపల పుష్పం నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమైంది. "రానీ మామా, పాపం. ఎండలో నిలబెట్టినావు."

అభినయ లోపలికి వచ్చి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాటకం అనుకున్నాడు కరుప్పయ్య. మీటరు నుంచి పొయ్యికి వచ్చే గొట్టం వెంట ఆమె పెట్టెను జరిపింది. పొయ్యి దగ్గరి అతుకు వద్ద అది కీచుమంది.

"కారతా ఉండాది తాతా."

"నీ పెట్టె కూస్తే నేను నమ్మాల్నా? నా పెండ్లాం ముక్కు కంటే గొప్పదా అది? పుష్పం, వాసన ఉండాదా?"

"లేదు మామా." ఈసారి ఆ గొంతు కాస్త తగ్గింది.

అభినయ ఇద్దరి వైపూ చూసి నెమ్మదిగా అంది. "నా మాట నమ్మొద్దు. మీ గిన్నె, మీ సోపు. మీరే పూసి చూడండి తాతా."

అతను సోపు నీళ్లు కలిపాడు. మందు ముంచిన వేళ్లు కదా, ఒక్క చుక్క కింద పడకుండా అతుకు చుట్టూ పూశాడు. ఒక బుడగ పుట్టింది. పెరిగి పగిలింది. ఇంకొకటి వచ్చింది. తుడిచి మళ్లీ పూశాడు. ఈసారి గుత్తిగా వచ్చాయి, ద్రాక్షపండ్లలాగా.

ఆ నురగను చూస్తూ అట్లాగే నిలబడిపోయాడు. కరోనా వచ్చిన ఏడు పుష్పం పదిరోజులు జ్వరంతో పడుకుంది. అప్పుడు వాసన పోయిందంది. వచ్చేసిందని కూడా తనే చెప్పింది. మొన్నీమధ్య అతను కనకాంబరాల దండ తెచ్చి ఆమె తలలో పెడితే, కళ్లు మూసుకునే, "ఏం వాసన మామా, ఇల్లంతా నిండిపోయింది" అంది. కనకాంబరానికి వాసన ఉండదని చంటిపిల్లకైనా తెలుసు. ఎకసెక్కం ఆడుతోందనుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో ఇద్దరికీ కలిపి ఒక్క ముక్కు కూడా లేదు.

అతను అభినయ దగ్గరికి వంగాడు. "అమ్మణ్ణీ, సద్దు లేకుండా చెయ్యి. ఆమెకు వినబడకూడదు."

ఆ పిల్ల కిటికీ బార్లా తెరిచి, మీటరు దగ్గర గ్యాసు ఆపేసి, అరిగిన రబ్బరు మార్చి బిగించింది. గ్యాసు వదిలి మళ్లీ సోపు పూయించింది. బుడగ లేదు. "ఆ కిటికీ అద్దం పగిలిండబట్టి గ్యాసు బయటికి పోయి సరిపోయింది తాతా," అని గుసగుసగా చెప్పి వెళ్లిపోయింది.

"ఏమనింది ఆ పిల్ల?" అడిగింది పుష్పం.

"ఏం లే. నీ ముక్కే సరి అని రాసుకొని పోయింది."

పుష్పం చాలాసేపు అతని ముఖంలోకి చూసింది. చెయ్యి చాచి అతని వేళ్లు పట్టుకుంది. వాటికి నురగ ఇంకా తెల్లగా అంటుకునే ఉంది. వాటిని ముక్కు దగ్గర ఆనించుకుని, "సోపు వాసన మామా" అంది.

"అవును" అన్నాడు కరుప్పయ్య. "సోపే."

సాయంత్రం కాఫీ వేళకు అతను మళ్లీ పొయ్యి ముందు నిలబడ్డాడు. గొట్టం బాగైంది, అడగాల్సిన పని లేదు. అయినా పుల్ల తీసి, మెడ వంచి అడిగాడు.

"పుష్పం, వాసన వస్తా ఉండాదా?"

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. వీధిలో ఎవరో బండి ఆపారు.

"పుష్పం?"

పాలు గిన్నెలో చల్లగానే ఉన్నాయి. అతను పుల్ల గీయలేదు. జవాబు రాకుండా ఏనాడూ గీసినవాడు కాదు. చాలాసేపటి తర్వాత దాన్ని పొయ్యి అంచున పెట్టి, లోపలికి వెళ్లాడు. పుష్పం తల వంటింటి వైపే తిరిగి ఉంది. పెదవులు కొంచెం విడివడి ఉన్నాయి, మాట అంచుదాకా వచ్చినట్టు.

పుష్పం పోయిన నాటి నుంచి పక్కింటి మారీశ్వరి గిన్నెలో అన్నం పంపుతుంది. కాఫీ కంపెనీ గేటు దగ్గర తాగుతాడు. తర్వాత అభినయ వచ్చి చూస్తే మీటరులో అంకె కదలనే లేదు. ఆ పిల్ల గుమ్మంలో చెప్పులు విడిచి కాసేపు కూర్చుని పోయింది.

మరిచిపోవు కదా? రేపు నీ వాళ్లకు చెప్పేటప్పుడు ఊరి పేరు తప్పినా పరవాలేదు, మీటరు సంగతి వదిలేసినా పరవాలేదు. ఆ పుల్లను మాత్రం వదలకుండా చెప్పు. పొయ్యి అంచు మీద, ఎర్రటి తల పుష్పం గది వైపుకు తిరిగి, గీయకుండా ఇంకా అట్లాగే ఉన్న పుల్ల.