రెండు కిటికీల ఇల్లు

జూలై ఎండకు బెల్‌గ్రేడ్‌లో తారు రోడ్లు మెత్తబడుతుంటే, దున్యా మెడకు ఉన్ని మఫ్లర్ చుట్టుకుని డోర్చోల్ పేటలో అద్దె ఇల్లు చూడటానికి వచ్చింది. చుట్టుకున్నది ఆమె కాదు పాపం, చుట్టింది పిన్ని స్మిల్యా.

"ఇంటావిడ పెద్దావిడ. ప్రొమాయా అంటే భయమున్న పద్ధతైన పిల్లవనుకోవాలి. కిటికీ వంక కన్నెత్తి చూడకు," అంది పిన్ని, రొప్పుతూ మెట్లెక్కుతూ.

ప్రొమాయా అంటే మరేం లేదు, ఎదురెదురు కిటికీలు తెరిస్తే ఇంట్లోంచి దూసుకుపోయే గాలి. ఈ ఊరి పెద్దవాళ్ల లెక్కలో మెడ పట్టేసినా, పన్ను సలిపినా, మొగుడు చిరాకుపడినా కారణం అదే.

పిన్ని ఇంట్లో ఏ కాలమైనా కిటికీలు బిగించే ఉంటాయి. వంటింటి సోఫా మీద పడుకునే దున్యా కాల్చిన మిరపకాయల వాసనలో తెల్లవార్లూ ఉడికిపోతుంది. అందుకే ఈ ఇంటి ఫోటో చూడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ముందుగది కిటికీ వీధివైపు, పడకగది కిటికీ పెరటివైపు, సరిగ్గా ఎదురెదురుగా! కింద రొట్టెల కొట్టు, సందు చివర కూరల బజారు, తను కట్టుడుపళ్లు తయారుచేసే చోటు పక్క వీధిలోనే. అన్నీ నడిచిపోయేంత దూరం. అవీ బాగానే ఉన్నాయి గానీ, ఆమెకు కావలసింది గాలి. ఆ గాలి దక్కాలంటే గాలికి భయపడుతున్నట్టు నటించాలట, ఖర్మ!

ఇంటావిడ వుకోసావా ఇద్దరికీ ఇంటి చెప్పులిచ్చి, కాఫీ పోసింది. కిటికీలు రెండూ మూసే ఉన్నాయి.

"ఉక్కగా ఉంది. కిటికీ తియ్యనా అమ్మాయీ?"

ఇది పరీక్షే అనుకుంది దున్యా. పిన్ని మోచేత్తో పొడిచింది కూడా.

"అయ్యయ్యో, వద్దండీ! నాకు గాలి పడదు. పుట్టినప్పటి నుంచీ పడదు."

"పడుకునేటప్పుడు కూడానా?"

"చెవుల్లో దూది పెట్టుకుని మరీ పడుకుంటానండీ."

"మరి వంట చేసేటప్పుడు?"

"గిన్నెల మీద మూతలు పెడతానండీ. ఆవిరిని కూడా బయటికి పోనివ్వను."

పిన్ని మురిసిపోయింది. వుకోసావా మొహం మాత్రం మాడిపోయింది. ఆవిడ లేచి బీరువాను పక్కకు జరిపింది. దాని వెనక గోడంతా నల్లగా బూజు పట్టి ఉంది.

"చూశావా? ఇన్నాళ్లూ నీలాంటి మహానుభావుడే ఉన్నాడిక్కడ. ఒక్కనాడు కిటికీ తీసిన పాపాన పోలేదు. కుళ్లిపోయింది నా గోడ! నువ్వు మంచిదానివే తల్లీ, కానీ నాకు కిటికీలు తెరిచే మనిషి కావాలి. సాయంత్రం ఇంకొకాయన వస్తున్నాడు, అతనికిచ్చేస్తా."

దున్యాకు ఏడుపు తన్నుకొచ్చింది. చేజేతులా పోగొట్టుకుందే!

"అబద్ధమండీ! నేను చెప్పిందంతా అబద్ధం. గాలంటే నాకు ప్రాణం!"

"ఛీ, నోర్ముయ్యవే!" అని గదమాయించింది పిన్ని. "పరాయివాళ్ల ముందు అవేం మాటలు?"

"ఇల్లు కావాలంటే ఎవరైనా ఇలాగే అంటారులే," అంది వుకోసావా.

దున్యా మఫ్లర్ లాగి పిన్ని ఒళ్లో పడేసింది. వంటింట్లోకి పరిగెత్తి తల కుళాయి కింద పెట్టింది. నీళ్లోడుతున్న జుట్టుతో వచ్చి ముందుగది కిటికీ తెరిచింది, పడకగది కిటికీ తెరిచింది, సరిగ్గా రెంటికీ నడుమ నిలబడింది. తెరలు ఎగిరాయి. ఎక్కడో తలుపు దభాలున కొట్టుకుంది.

"తడితలతోనా!" అని కెవ్వుమంది పిన్ని. "చచ్చిపోతావే! మూతి వంకరపోతుందే!"

వుకోసావా ఒక చేత్తో తన మెడ పట్టుకుని, ఇంకో చేత్తో పిన్నిని లాక్కుని వరండాలోకి పారిపోయి తలుపు వేసుకుంది. కాసేపటికి తలుపవతలి నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"అమ్మాయీ, ఉన్నావా?"

"ఉన్నానండీ! హాయిగా ఉన్నాను!"

"ఇల్లు నీదే. తాళంచెవి కావాలంటే నువ్వే బయటికి రా. గాలి కావలసింది నా గోడకు, నాకు కాదు."

ఆ వెంటనే పిన్ని ఏడుపుగొంతు. "ఒసేయ్ దున్యా! ఆ కిటికీలు తెరిచి ఉన్నంతకాలం నేను నీ గడప తొక్కితే ఒట్టు!"

ఆ మాట చెవినపడగానే దున్యా పరుగున వెళ్లి స్నానాలగది కిటికీ కూడా తెరిచేసింది.