చింతమొద్దుల గట్టు

దిల్షాద్ నర్సు ఉద్యోగంలో చేరి మూడు వారాలే అయింది. కర్నూలులో పుట్టి పెరిగిన ఆమెకు నీళ్లంటే తుంగభద్ర వంతెన మీద నుంచి చూడటమే. ఇప్పుడు వారానికోసారి టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకుని, శ్రీశైలం డ్యాం వెనక నిలిచిన నీళ్ల మీద మహానంది నడిపే ఇంజన్ పడవలో అవతలి గట్టుకు పోవాలి.

పడవ మనిషి ఏం చేసినా ఎందుకో తెలుసుకోవాలని ఆమెకు ఒకటే ఆరాటం. ఆ రోజు తిమ్మన్న అనే రైతు ముందువైపు వేసిన ఉల్లిగడ్డ మూటల్ని మహానంది ఈడ్చి నడిమికి చేర్చాడు. అందరి లైఫ్ జాకెట్ల తాళ్లూ తనే లాగి చూశాడు. నీళ్లు తోడే డబ్బా కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

"ఎండ ఇంతుంటే డబ్బా ఎందుకు చిన్నాయనా?"

"నీళ్లొచ్చినంక ఎతుక్కుంటామా నర్సమ్మా?"

సగం దూరం పోయేసరికి పడమటి కొండల మీద దుమ్ము లేచింది. మహానంది అటే చూస్తూ ఇంజన్ తగ్గించాడు. అంతలోనే గాలి వచ్చి మీద పడింది. ఒక అల పక్క నుంచి కొట్టి పడవలోకి దూకింది. కుడివైపు నీళ్లలోకి పొడుచుకొచ్చిన గట్టు రాయి విసిరితే తగిలేంత దగ్గర. మహానంది మాత్రం పడవను గాలికెదురుగా, నడి నీళ్లలోకి తిప్పాడు.

తిమ్మన్న లేచి నిలబడ్డాడు. "ఏమప్పా, గట్టు ఈడుంటే ఆడికి పోతాండావు! సంపుతావా మమ్మల్ని?"

పడవ ఒరిగింది.

"కూచో తిమ్మన్నా." మహానంది గొంతు పెంచలేదు. "నువ్వు నిలబడితే నేను నడపలేను."

దిల్షాద్ తిమ్మన్న చొక్కా పట్టి కిందికి లాగింది. మహానంది కాళ్ల దగ్గరి డబ్బా అందుకుని నీళ్లు తోడసాగింది. తోడుతున్నా ఆమె కళ్లు మహానంది చేతి మీదే ఉన్నాయి. అల దగ్గరికొస్తే ఇంజన్ తగ్గిస్తాడు. పడవ ముక్కు అలనెక్కి దిగుతుంది. దిగాక మళ్లీ పెంచుతాడు. ఎదురుగా వచ్చిన అలల్లో ఒక్కటీ లోపలికి రాలేదు.

ఇరవై నిమిషాలకు గాలి నెమ్మదించింది. తిమ్మన్న ఆమె చేతిలోంచి డబ్బా తీసుకుని మిగిలిన నీళ్లు తోడాడు.

"ఆ గట్టుకెందుకు పోలేదు చిన్నాయనా?"

"ఆడ మా ఊరుండాది."

"యాడ?"

"నీళ్ల కింద. డ్యాం కట్టినప్పుడు మునిగిపాయ. ఆ గట్టు పక్కన చింతతోపు ఉండె. మొద్దులు ఇంకా ఉండాయి, జానెడు లోతులో. గాలికి పడవ వాటి మీద పడితే పగిలిపోతాది."

"మరి మనం అలలకు ఎదురు నిలబడిన చోటు?"

"అప్పట్లో మా ఊరి సంత జరిగిన బయలు. ఆడ తగిలేందుకు ఏమీ లేదు."

దిల్షాద్ పడవ అంచు మీద నుంచి వంగి కిందికి చూసింది. పచ్చటి నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు.

అవతల పదకొండు మంది పిల్లలకు టీకాలు వేసి, తిరుగు ప్రయాణంలో ఆమె పడవ వెనక భాగంలో, మహానంది పక్కనే కూర్చుంది. బడి యాడుండె, మీ ఇల్లు యాడుండె అని అడుగుతూనే ఉంది. ఆయన చెయ్యి చాపి చూపిస్తూ, ఒకచోట చుక్కాని పిడి ఆమె వైపు జరిపాడు.

"పట్టుకో. నీటి లాగుడు చేతికి తెలుస్తాదేమో చూడు."

ఆమె పట్టుకుంది. అది అరచేతిలో బతికున్న చేపలా అదిరింది.