పిల్లిలంకకు పద్నాలుగు మంది

రెండువేల రెండో సంవత్సరం మే నెలలో, ఎవరూ లేని చోటికి వెళ్లాలని రాజ్యలక్ష్మి భర్త ఉమామహేశ్వరరావుకి బుద్ధి పుట్టింది. అతను బందరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. నాగాయలంక అవతల, కృష్ణ సముద్రంలో కలిసే చోట పిల్లిలంక అనే దీవి ఉందనీ, అక్కడ మడ అడవీ, చేపలు పట్టి తినే నీటిపిల్లులూ తప్ప మనిషి జాడ ఉండదనీ, అటవీశాఖ దాన్ని పార్కుగా కాపాడుతోందనీ పేపర్లో చదివాడు. ఆ ఆదివారమే ఇంట్లో మీటింగు పెట్టాడు.

"ఫోనుండదు, కరెంటుండదు, పక్కింటివాళ్లుండరు. రెండు రోజులు హాయిగా ఉండొచ్చు రాజ్యం" అన్నాడు.

రాజ్యలక్ష్మికి నిజంగానే సంతోషం కలిగింది. సాయంత్రం దాకా నిలిచింది ఆ సంతోషం. అంత హాయి ఒక్కళ్లే అనుభవించడం బాగోదని అతను గుడివాడలో చేపల చెరువులున్న స్నేహితుడు గోవర్ధనరావుకి ఫోన్ చేశాడు.

"అక్కడ మనుషులే ఉండరా? దానికేం బావగారూ, మనమే తీసుకెళ్దాం!" అన్నాడు గోవర్ధనరావు.

వారం తిరిగేసరికి పద్నాలుగు మంది తేలారు. గోవర్ధనరావు భార్య దుర్గకి ఏడున్నర సీరియల్ తప్పితే తలనొప్పి వస్తుంది కాబట్టి టీవీ, టీవీ కోసం జనరేటరు. ఎండ కోసం షామియానా. రాజ్యలక్ష్మి అత్తగారు సత్యవతమ్మ పిల్లి పేరు పెట్టుకున్న ఊరికి ప్రయాణమేమిటని రెండు రోజులు అలిగి, చివరికి తన మడిబిందె, తన కిరసనాయిలు స్టవ్వు, తన మడతమంచం వస్తే తనూ వస్తానంది. ఉమామహేశ్వరరావు అన్నింటినీ ఫుల్‌స్కేప్ కాగితాల మీద, కార్బన్ పెట్టి మూడు ప్రతులు రాశాడు. అటవీశాఖ అనుమతి పత్రంలో 'శబ్దము చేయరాదు' అని ఉంది. జనరేటరు అని ప్రత్యేకంగా రాయలేదు కాబట్టి అది శబ్దం కిందికి రాదని తేల్చాడు.

వండాల్సిందీ సర్దాల్సిందీ మాత్రం రాజ్యలక్ష్మే. ఆ సంగతి ఏ ప్రతిలోనూ లేదు. బయల్దేరే రోజు తెల్లవారుజామునే లేచి పద్నాలుగు మందికి పులిహోర కలిపింది.

గోవర్ధనరావు తెచ్చిన వ్యాను చల్లపల్లిలో కాఫీలకి ఆగింది. మోపిదేవిలో దర్శనానికి ఆగింది. నాగాయలంక రేవుకి చేరేసరికి పదిన్నర. ఇంజను పడవ నడిపే రాజారత్నం, అతని భార్య పెద్దింట్లమ్మ పొద్దుటి నుంచీ కాచుకుని ఉన్నారు.

"పదకొండు లోపు లంక కాలవలోకి వెళ్లిపోవాలండీ. ఆనక పాటు తీస్తది. కాలవలో నీళ్లుండవు" అన్నాడు రాజారత్నం.

"ప్రోగ్రాములో పదకొండున్నర అని వేశామయ్యా" అన్నాడు ఉమామహేశ్వరరావు.

"సముద్రానికి చెప్పారాండీ?" అంది పెద్దింట్లమ్మ.

"నీళ్లు తగ్గుతాయని మాకు రాతపూర్వకంగా ఎవరూ తెలియజెయ్యలేదు" అన్నాడతను, కాగితాలు తిరగేస్తూ.

పడవ ఒకటే. మొదట ఎవరెక్కాలన్న దాని మీద వాదన మొదలైంది. జనరేటరుని ఒడ్డున వదిలి ముందు మనుషుల్ని పంపలేనన్నాడు గోవర్ధనరావు. మనుషుల్ని నమ్మి మడిబిందె పంపనంది సత్యవతమ్మ. ఆఖరికి ముందు సామాను వెళ్లాలనీ, ఏ మూటలో ఏముందో తెలిసింది ఒక్కతే కనుక రాజ్యలక్ష్మి తోడు వెళ్లాలనీ నిర్ణయమైంది.

"దింపించి, లెక్క చూసి, పడవ తిప్పి పంపెయ్. ఇరవై నిమిషాల పని" అన్నాడు భర్త.

ఒక్క జనరేటరు దించడానికే అరగంట పట్టింది. షామియానా గుంజలు దించి తిరిగి చూసేసరికి పడవ బురదలో పక్కకి ఒరిగి కూచుంది. కాలవలో చీలమండ లోతు కూడా నీళ్లు లేవు.

"ఇప్పుడెలా?" అంది రాజ్యలక్ష్మి.

"ఎలాగేముందమ్మగారూ, అయిదింటికి మళ్లీ పోటెక్కుద్ది" అంది పెద్దింట్లమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

రాజ్యలక్ష్మి కాలవ మొగ దాకా వెళ్లి చూసింది. అవతల రేవులో దుర్గ ఎర్ర గొడుగు చుక్కలా కనిపించింది. ఎవరో తువ్వాలు ఊపుతున్నారు. అక్కడ పదమూడు మంది, ఇక్కడ పద్నాలుగు మందికి పులిహోర. పాపం, ఆకలితో ఉంటారు. ఆమె బాధపడింది. ఎంతసేపు బాధపడ్డా నీళ్లు రాలేదు. అందుకని వెనక్కొచ్చి గిన్నె మూత తీసింది.

ముగ్గురూ మడచెట్ల నీడలో కూచుని తిన్నారు. బురద మీద ఎర్రపీతలు ఒంటి డెక్క ఎత్తి ఒకదాన్నొకటి బెదిరించుకుంటున్నాయి. ఎవరి మీద ఎవరికి కోపమో తెలియలేదు గానీ, రాజ్యలక్ష్మికి నవ్వాగలేదు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో మధ్యాహ్నం పూట ఆమెని ఎవరూ కాఫీ అడగకపోవడం అదే మొదలు. అత్తగారి మడతమంచం విప్పి, కాసేపు దాని వంక చూసి, ఎక్కి పడుకుంది.

"అమ్మగారూ, అటు చూడండి. కదలకండి" అని పెద్దింట్లమ్మ గుసగుసలాడేసరికి మెలకువొచ్చింది. మడచెట్ల వేళ్ల మధ్య నుంచి బూడిదరంగు నీటిపిల్లి ఒకటి, అప్పుడే ఎక్కుతున్న నీళ్ల అంచుకి దిగింది. పంజాతో ఒక్క దెబ్బ వేసి, చేపని నోట కరుచుకుని, ఆమె వైపు ఒక్కసారి చూసి, తొందరేమీ లేనట్టు వెళ్లిపోయింది.

పోటెక్కాక, చీకటి పడకముందే రేవుకి చేరుకోవాలని సామాను అక్కడే వదిలేసి, పులిహోర గిన్నె మాత్రం తీసుకుని బయల్దేరారు. రేవులో వ్యాను లేదు. ఉమామహేశ్వరరావు ఒక్కడే మెట్ల మీద కూచుని ఉన్నాడు. ఎండకి మొహం కమిలిపోయింది.

"అందరూ గుడివాడ వెళ్లిపోయారు. సీరియల్ టైమవుతోందిట. అమ్మా వాళ్లతోనే వెళ్లింది" అన్నాడు నీరసంగా.

ఆమె గిన్నె అతని ముందు పెట్టింది. ఆకు కోసం చూడకుండా గిన్నెలోంచే తినడం మొదలుపెట్టాడు. సగం కడుపు నిండాక అడిగాడు, "అక్కడ ఏమైనా ఉందా, రాజ్యం?"

రాజ్యలక్ష్మి రాజారత్నం వైపు తిరిగింది.

"సామాను తెచ్చుకోవాలిగా. రేపు నీళ్లెప్పటిదాకా ఉంటాయి?"

"పన్నెండు దాకా ఉంటాయండి."

"అయితే ఎనిమిదింటికల్లా వస్తాం. ఇద్దరమే."

ఉమామహేశ్వరరావు తలెత్తి ఏదో అనబోయాడు. నోటినిండా అన్నం ఉండటంతో తలూపాడు.