మెట్ల కింద బొంత

ఖౌలాను చంపింది పెళ్లివాళ్ల డ్రోను. అందులో బాంబు లేదు, ఉన్నది కెమెరా. అయినా చంపింది. ఈ మాట మీద ఆమె మొగుడు ధన్నూన్‌తో వాదించే మనిషి ఊళ్లో మిగల్లేదు.

మోసుల్‌కు దిగువన, టైగ్రిస్ ఒడ్డున ఉన్న ఊరది. యుద్ధకాలంలో డ్రోను వస్తే ముందు గుయ్‌మని చప్పుడొచ్చేది, ఆ వెనకే పైనుంచి గ్రెనేడు రాలేది. చప్పుడు వినగానే జనం మెట్ల కిందికి దూరేవాళ్లు. ఇల్లు కూలినా మెట్లు నిలబడతాయని నమ్మకం. ఖౌలా అక్కడొక బొంత పరుచుకుంది. యుద్ధం ముగిసినా తీయలేదు.

"ఎలకలు చేరతాయే," అని ధన్నూన్ విసుక్కునేవాడు.

"చేరనీ. వాటికి మాత్రం ప్రాణభయం ఉండదా?" అనేది.

ఆ వేసవిలో ఆమె డాబా మీద పళ్లేల్లో టమాటా గుజ్జు ఎండబెట్టి గరిటెతో కలుపుతోంది. పక్క వీధిలో పెళ్లి. ఫొటోలు తీసే గజ్వాన్ ఏ ఇంటికీ చెప్పకుండా డ్రోను ఎగరేశాడు. డాబాల మీద ఎర్రటి పళ్లేలు అందంగా కనిపించాయని కిందికి దించాడు. ఖౌలా తలెత్తి చూసింది. గరిటె పారేసి మెట్లు దిగుతూ పరుగెత్తింది. సగం మెట్ల దగ్గర కాలు జారింది. బొంత దాకా రాలేకపోయింది.

సంతాపపు గుడారం విప్పేశాక ఊరిపెద్ద ఇద్రీస్ నలుగురిని కూడగట్టుకుని గజ్వాన్‌ను తీసుకొచ్చాడు. ధన్నూన్ చేదు కాఫీ పోశాడు. ఎవరూ ముట్టలేదు. కప్పులు నేల మీద పెట్టారు. అడిగింది ఇస్తానంటే తప్ప తాగకపోవడం అక్కడి ఆనవాయితీ.

"కుర్రాడు తెలియక చేశాడు, ధన్నూన్. క్షమించు," అన్నాడు ఇద్రీస్.

"ఒట్టు, బాబాయ్. బొమ్మ బాగా వస్తుందనే దించాను," అన్నాడు గజ్వాన్.

"ఆకాశం మీ తాత వేసిన పుచ్చపాదట్రా, ఇష్టమొచ్చినట్టు తిరగడానికి?" అన్నాడు ధన్నూన్.

"వీడు ఇక దాన్ని ముట్టడు. మీ కళ్లముందే పగలగొట్టిస్తాం," అన్నాడో పెద్దమనిషి.

"పగలగొడితే ఇంకొకడు కొంటాడు. వీణ్ణే ఎగరెయ్యనీ. కానీ ముందు ఇంటింటికీ నడవాలి. ఇది కెమెరా, ఫలానా వేళకు లేస్తుంది, ఫలానా వీధి దాటదు అని చెప్పాలి. డాబాల మీదికి రాకూడదు. వద్దన్న ఇంటివైపు తిప్పకూడదు. మొదటి తలుపు నాది."

"సరే, నీకు చెప్తాడు."

"నాకెందుకు? మెట్ల దగ్గర నిలబడి ఖౌలాకు చెప్పాలి."

ఇద్రీస్ చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగాడు. మిగతావాళ్లూ తాగారు.

"అయితే క్షమించినట్టే," అన్నాడు లేస్తూ.

"మీరు తాగింది షరతుకి. క్షమ ఆ కప్పులో పోయలేదు నేను."

అప్పటినుంచీ ప్రతి పెళ్లికీ గజ్వాన్ వచ్చేవాడు. చెప్పులు విడిచి, మెట్ల కింది చీకట్లోకి వంగి చెప్పేవాడు. "పిన్నీ, ఇది కెమెరా. సాయంత్రం అసర్ నమాజయ్యాక లేస్తుంది. మన డాబా మీదికి రాదు. భయపడకు." తర్వాత మిగతా ఇళ్లకు వెళ్లేవాడు.

"పెళ్లికొడుకు కంటే ముందు నువ్వే ఊరేగుతున్నావేంట్రా!" అని ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు. "ఇవాళ తల విరబోసుకుని డాబా మీదుంటాను, ఇటు తిప్పావంటే నీ వీపు చీరేస్తా."

"తిప్పను, అత్తా."

ధన్నూన్ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. పొద్దున తాను సర్ది పరిచిన బొంత, పెళ్లి ఉన్న రోజు సాయంత్రానికి నడుమ గుంటపడి ఉండేది. ఎవరో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని లేచినట్టు.

శరదృతువులో ఒక పెళ్లికారు ముందే వచ్చేసింది. ఆ తొందరలో గజ్వాన్ ఏ తలుపూ తట్టకుండానే డ్రోను లేపాడు. దూరంగా గుయ్‌మంది. ధన్నూన్ చేతిలో రొట్టె ఆగిపోయింది. డాబా మీద గరిటె పడ్డ చప్పుడు. వట్టికాళ్ల పరుగు. మెట్లు దిగుతూ దిగుతూ సగంలో ఆగింది. తర్వాత ఏమీ లేదు.

ధన్నూన్ రొట్టె కింద పెట్టి మెట్ల వైపు తిరిగాడు.

గజ్వాన్ రొప్పుతూ లోపలికొచ్చాడు. డ్రోను దించేసి చంకలో పెట్టుకున్నాడు. "చెప్పడం మరిచిపోయాను, బాబాయ్. తెర మీద దూరంగా మీ డాబా కనిపించింది. అక్కడెవరో తలెత్తి..."

"ముందు వెళ్లి చెప్పు."

గజ్వాన్ మెట్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. "కెమెరాయే, పిన్నీ. దించేశాను. చూడు, నా చేతిలోనే ఉంది. నెమ్మదిగా దిగు."

చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత సగం మెట్ల దగ్గర్నుంచి అడుగులు దిగాయి. ఈసారి పరుగు లేదు. మెట్ల కింద బొంత సర్దుకున్న చప్పుడైంది.

గజ్వాన్ వెనక్కి తిరిగాడు. "బాబాయ్, అది పిన్నేనా?"

ధన్నూన్ వాణ్ణి రెక్క పట్టి లేపి, గుమ్మం దాటించాడు.

"తలుపు తట్టడం మరిచిపోతే నీ చేతులు విరుస్తా. ఇక నువ్వడిగిన మాట అంటావా, నీ నోట మళ్లీ రాకూడదు. నా నోట చచ్చేదాకా రాదు."

తలుపేసి గడియ పెట్టాడు.