ఎర్రబోడు మీద కంచె

భూముల తనిఖీ చేసే గిర్దావర్ జీపు రావడానికి ఇంకా రెండు గంటలు ఉందనగా, తాను చేసిన తప్పేమిటో శ్యాంసుందర్‌కు తెలిసింది.

తెలిపింది ఆరాధన. ఊరి బడిలో టీచర్. సోమవారం సాయంత్రం తహసీల్ ఆఫీసులో తీసుకున్న దరఖాస్తు నకలును ఆమె మంగళవారం పొద్దున్నే చదివింది. చదవగానే ఫోన్ చేసింది.

"అన్నా, అరుణ్‌కుమార్ ఏం రాసిండో ఇను. 'ఎర్రబోడు రికార్డులో బంచరాయి, అనగా ఊరి పశువుల మేత భూమి. అయితే రెండేళ్లుగా అందులో ఒక్క పశువు కూడా మేయలేదు. చుట్టూ ఇనుప కంచె ఉన్నది. మేతకు అక్కరలేని భూమి కనుక మా గ్రానైట్ యూనిట్ వ్యర్థాలు పోసుకొనుటకు కేటాయించగలరు.'"

"కంచె మనదే గద ఆరాధనా!"

"నేను జెప్పేది గదే అన్నా. మన కంచెనే ఆయన సాక్షి. కింద కొమురెల్లి తాత వేలిముద్ర గూడ ఉన్నది. మా గొర్లు అటు పోతలేవు అని."

శ్యాంసుందర్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

దుబాయిలో పద్నాలుగేళ్లు అతను చేసిన పని ఒక్కటే. రోడ్ల పక్కన ఇసుకలో చెట్లు పెంచడం. ఎవరి దేశపు ఎడారికో పచ్చరంగు వేసి, సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడల్లా ఎర్రబోడును చూసేవాడు. నలభై ఎకరాల గుట్ట, సర్కారు భూమి. అరుణ్‌కుమార్ ట్యాంకర్లు ఎవరూ చూడనప్పుడు రాయి కోసిన తెల్ల బురద తెచ్చి అక్కడ పోసేవి. ఎండితే బురద బూడిదయ్యేది. గాలి లేస్తే ఊరి కళ్లన్నీ మండేవి. గడ్డి చచ్చింది, వాన నీళ్లు ఇంకడం మానేశాయి. "ఎడారి సూడనీకి దుబాయి పోవుడెందుకురా, మన ఊరికే వచ్చింది" అని జనం నవ్వుకునేవాళ్లు.

శ్యాంసుందర్‌కు నవ్వు రాలేదు. రెండేళ్ల కింద పూర్తిగా తిరిగొచ్చి, మరుసటి ఆదివారమే పార పట్టుకుని ఎర్రబోడు ఎక్కాడు. మొదటి వారం ఒక్కడే. రెండో వారం చర్చి అయిపోగానే సత్తవ్వ తట్ట పట్టుకుని వచ్చింది. తర్వాత ఆరాధన వచ్చింది. ఇప్పుడు ఆదివారం వస్తే ఇరవై రెండు మంది. ప్లాస్టిక్ ఏరారు, బూడిద ఎత్తారు, వాలుకు అడ్డంగా నెలవంక గుంటలు తవ్వారు, ఆరువందల మొక్కలు పెట్టారు. గడ్డి మళ్లీ మొలిచింది.

అయితే అన్నిటికంటే ముందు అతను చేసిన పని వేరే. దుబాయిలో మొక్క కంటే ముందు కంచె వేస్తారు, ఒంటెలు తింటాయని. ఇక్కడా అదే చేశాడు. గొర్రెల కోసం ఉన్న భూమి నుంచి గొర్రెలనే తరిమాడు. ఒకసారి కొమురెల్లి గొర్రెపిల్ల కాలు ఆ వైరులో చిక్కి చీరుకుపోతే, "నీ గొర్లను నువ్వు పట్టుకో" అని ఎదురు కసిరాడు కూడా.

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

"సత్తవ్వను, మనోళ్లను ఎర్రబోడు గట్టు మీదికి రమ్మను. కటింగ్ ప్లేయర్లు ఎన్నుంటే అన్ని తెమ్మను" అని ఫోన్ పెట్టేసి బండి స్టార్ట్ చేశాడు.

*

కొమురెల్లి మంద కాలువ గట్టు మీద ఉంది. నల్ల గొర్రెలు, నూట ఇరవై దాకా. రోహిణి కార్తె ఎండ పొద్దున ఎనిమిదిన్నరకే నెత్తిన కూర్చుంది. ముసలాయన గొంగడి మడతేసి నెత్తిన వేసుకుని, కట్టె మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. శ్యాంసుందర్‌ను చూసి కూడా చూడనట్టే ఉన్నాడు.

"తాతా, నీతోని పనిబడ్డది."

"అబ్బో! దుబాయి సారుకు గొల్లకురుమలతోని పనిబడ్డదా? గొర్లు ఇంటున్నయ్, జర మెల్లగ మాట్లాడు. బుగులుపడ్తయ్."

"అరుణ్‌కుమార్ కాగితం మీద వేలు బెట్టినవట."

"పెట్టిన. నీ గొర్లు ఎర్రబోడు పోతున్నయా అని అడిగిండు. పోతలేవన్న. అబద్ధమా?"

"కాదు."

"పోనియ్యనిది ఎవలు?"

"నేనే."

కొమురెల్లి మొదటిసారి తల తిప్పి చూశాడు. జవాబు ఇంత తిన్నగా వస్తుందని అనుకోలేదు.

"ఇంకో గంటన్నరల గిర్దావర్ వస్తది తాతా. గొర్లు మేస్తలేవని రాసుకున్నదంటె నలభై ఎకరాలు అరుణ్‌కుమార్‌కు పోతయ్. నీ మందను తోలుకరా. నిన్ను బతిమాలుకుంటున్న."

"నాకేం ఫరక్ పడ్తది బిడ్డా? నిన్నటిదాంక నీ వైరు. రేపటి సంది ఆయన గోడ. గొర్రెకు రెండూ ఒక్కటే."

"ఒక్కటి కాదు" శ్యాంసుందర్ గొంతు పెరిగింది. "వైరును నేను ఇయ్యాల్నే కోస్త, నీ కండ్ల ముంగట. గోడను ఆయన ఎన్నడన్న కూలగొడ్తడా?"

ఒక గొర్రె వచ్చి తన పంచె కొస నమలబోతే ముసలాయన మోకాలితో నెట్టాడు.

"నీ చెట్లు తింటయ్ మల్ల."

"తిననీ."

"ఒక్కదాని మీద చెయ్యి లేపినవంటె మందను మలుపుకొని పోత. అరుణ్‌కుమార్ కాదు, ఆయన తాత వచ్చినా మల్ల రాను."

"లేపను."

కొమురెల్లి నాలుక అంగిలికి కొట్టి "టుర్ర్" అన్నాడు. నూట ఇరవై తలలు ఒక్కసారిగా లేచాయి.

*

మూడు కిలోమీటర్లు. గొర్రె నడక గొర్రెదే. దారిలో ముప్పాతిక మంద వెంటే వచ్చి, శ్యాంసుందర్ బండి మీద ముందుకొచ్చేసరికి జీపు అప్పటికే వచ్చి ఉంది, అరగంట ముందుగా. వెనకే అరుణ్‌కుమార్ తెల్ల కారు.

గిర్దావర్ రమ నలభై దాటిన మనిషి, ఎండకు చున్నీ నెత్తికి చుట్టుకుంది. అరుణ్‌కుమార్ ఆమెకు కంచె చూపిస్తున్నాడు, పెళ్లికూతురు నగలు చూపించినట్టు.

"సూడుండ్రి మేడం. నాలుగు దిక్కులా వైరు. పెండకడి ఉన్నదా? గిట్టల జాడ ఉన్నదా? మేత భూమి అంటె గిట్లుంటదా?"

"గా తెల్ల బూడిద ఎవలది సారూ? మీ ఇంట్ల ముగ్గు వేయంగ మిగిలిందా?" సత్తవ్వ గట్టు మీది నుంచి కేకేసింది. ఆమె వెనక ఇరవై మంది నిలబడ్డారు. మంగళవారం కూలి పనులు వదులుకుని వచ్చిన వాళ్లు.

"ఆమెను నోరు మూసుకోమనుండ్రి మేడం."

"మూసుకుంట. నువ్వు నీ ట్యాంకరు మూతి మూసుకో, నేను నా నోరు మూసుకుంట."

రమ చేయి ఎత్తింది. "గొడవ వద్దు. నేను ఉన్నది ఉన్నట్టు రాసుకుని పోత. కంచె ఎవరు వేసిండ్రు?"

"నేనే మేడం" అన్నాడు శ్యాంసుందర్. "వేసుడు తప్పు. ఇప్పుడే తీస్తున్న."

కటింగ్ ప్లేయర్ తీగకు పట్టించి నొక్కాడు. టంగుమని తెగిన వైరు చేతిని గీరుతూ వెనక్కి లేచింది. రెండో తీగ కోశాడు. అటువైపు ఆరాధన మూడోది కోసింది.

"మేడం, ఆఫీసర్ ముంగటనే సాక్ష్యం మాయం జేస్తున్నరు!" అరుణ్‌కుమార్ అరిచాడు. "కేసు పెట్టుండ్రి!"

"సర్కారు భూమి మీద నేను వేసిన తీగ సారూ. కేసు వెయ్యాల్నంటె వేసినందుకు వెయ్యుండ్రి. తీసినందుకు ఎట్ల వేస్తరు?"

అప్పుడే దారి మలుపులో దుమ్ము లేచింది. ముందు కొమురెల్లి, వెనక నల్లటి వాగులా మంద.

రమ ముఖం చిట్లించింది. "ఇదేం డ్రామా? వైరు ఇప్పుడు కోసి, గొర్రెలను ఇప్పుడు తోలుకొచ్చి, మేస్తున్నయని రాయమంటరా? ఎట్ల రాస్త?"

అరుణ్‌కుమార్ నవ్వాడు. ఆమె అన్నదాంట్లో అన్యాయం ఏమీ లేదని శ్యాంసుందర్‌కూ తెలుసు.

కొమురెల్లి మాత్రం తొణకలేదు. "మేడం, డ్రామా మనుషులు ఆడ్తరు. గొర్లకు రాదు. రెండేండ్ల కిందటిదాంక మా తాతల సంది గీడనే మేపినం. నా మాట నమ్మకుండ్రి, గొర్లనే అడుగుండ్రి. మందల సగం నిన్న మొన్న పుట్టినయ్, వాటికి గీ బోడు తెల్వది. ముసలియి ముప్పై ఉంటయ్, గవి ఎటు పోతయో సూడుండ్రి. నేను కట్టె లేపను, నోరు తెరువను. గీడనే కూసుంట."

అన్నట్టే రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని కట్టె నేల మీద పెట్టేశాడు.

మంద తెగిన కంచె దగ్గర ఆగింది. పిల్ల గొర్రెలు వాసన చూసి వెనక్కి తగ్గాయి. ఒక నిమిషం గడిచింది. అరుణ్‌కుమార్ గడియారం చూసుకున్నాడు.

చెవి చీలిన ముసలి గొర్రె ఒకటి ముందుకొచ్చింది. వైరు దాటింది. ఎదురుగానే ఆదివారాలు పెంచిన పచ్చగడ్డి ఉంది. మూతి కూడా పెట్టలేదు. దాని పక్క నుంచి ఏటవాలుగా పైకి నడిచింది, బజారు నుంచి ఇంటికి పోతున్న మనిషిలా. వెనక ఇంకొకటి. తర్వాత పది. తర్వాత మొత్తం మంద.

రమ వాటి వెనకే నడిచింది. అందరూ ఆమె వెనక నడిచారు.

బోడు అవతలి వాలులో ఒక పెద్ద రాతి చరియ ఉంది. దాని కింద నీడ. గొర్రెలు ఆ నీడలో దూరి, పక్కపక్కన ఒరుసుకుంటూ కూలబడ్డాయి. ఆ రాయి పైనంతా ఎర్రగా ఉంది. కింద మాత్రం, మోకాలెత్తు దాకా, నూనె రాసినట్టు నల్లగా నిగనిగలాడుతోంది. రమ వంగి వేలు పెట్టి చూసింది. వేలికి జిడ్డు అంటింది. ఉన్ని జిడ్డు.

"ఒక్కనాటి పని కాదు మేడం" వెనక నుంచి కొమురెల్లి అన్నాడు. "మా తాత గొర్లు ఒరుసుకున్నయ్, మా బాపు గొర్లు ఒరుసుకున్నయ్. ఎండకు గిదే వాటి ఇల్లు."

రమ ఫోన్ తీసి రాయిని, మందను, పక్కనే కుప్ప పడ్డ తెల్ల బూడిదను ఫోటోలు తీసింది. నిలబడే రాసింది. రాసింది పైకి చదివింది. "తరతరాల మేత భూమి. బంచరాయిగానే ఉంచాలి. గ్రానైట్ వ్యర్థాలు అనుమతి లేకుండా పోసినట్టు కనిపిస్తున్నది."

అరుణ్‌కుమార్ కొమురెల్లి మీదికి తిరిగాడు. "నువ్వు వేలిముద్ర పెట్టినవు గద ముసలోడా!"

"పోతున్నయా అని అడిగినవు, లేదన్న. పోవాల్నా అని అడిగినవా?"

సత్తవ్వ నవ్వు వాలంతా వినపడింది.

అరుణ్‌కుమార్ పోతూ పోతూ శ్యాంసుందర్ దగ్గర ఆగాడు. "ఏం గెలిచినవ్? ఎనుకకు సూడు. రెండేండ్ల నీ కష్టం మెక్కుతున్నయ్."

నిజమే. నీడలో చోటు దొరకని కుర్ర గొర్రెలు మొక్కల మీద పడ్డాయి. రెండు ఎండాకాలాలు బిందెలతో నీళ్లు మోసి బతికించిన వేప మొక్క ఒకటి మూడు కొరుకుల్లో మోడైంది. శ్యాంసుందర్ చేయి తనంతట తాను లేవబోయింది. జేబులో పెట్టుకున్నాడు.

"తిననీ సారూ. గొర్రె తిన్నది మల్ల మొలుస్తది. నువ్వు పోసిన కాడ మొలిచిందా?"

తెల్ల కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. శ్యాంసుందర్ ముసలాయన పక్కన కూర్చున్నాడు.

"తాతా, గొర్లు ఏ చెట్టు ముట్టవు?"

"కానుగ ముట్టయి. తంగేడు ముట్టయి. మోదుగు నోట్ల వెట్టి ఊంచుతయ్. రెండేండ్ల కింద అడిగితె అప్పుడే జెప్పుదు గద."

"అప్పుడు నాకు అన్ని తెల్సు అనుకున్న."

"దుబాయి పోయొచ్చినోళ్లకు గా రోగం ఉంటది. తగ్గుతది తియ్." కొమురెల్లి లేచి నడుం విరుచుకున్నాడు. "వానలు పడంగనే వారం రోజులు మందను గీడనే పండవెడ్త. పెంట వడ్డ నేల ఎట్ల మొలుస్తదో సూద్దువు."

ఆరాధన అటు నుంచి కేకేసింది. "అన్నా, ఇగ పోదామా? ఇయ్యాల ఆదివారం కాదు గద!"

శ్యాంసుందర్ ఇంకా ఎత్తని బూడిద కుప్ప వైపు చూశాడు. మోకాలి లోతు ఉంది, గాలికి అంచులు లేస్తున్నాయి. అతను జవాబు చెప్పేలోపే సత్తవ్వ కొంగు నడుముకు దోపి తట్ట ఎత్తింది.

"ఆదివారం దేవునిది. మంగళవారం మనదే. పార ఇటియ్యి."