కమిటీకి ముందు నడిచిన మిషను

ఆసుపత్రి కమిటీలో ప్రజల తరఫున ఒక మనిషి ఉండాలన్నారు గనుక దర్జీని వేశారు. నోట్లో నాలుక లేనివాడని అతనికి పేరు. పళ్ళ మధ్య సూది పెట్టుకుని బతికేవాడికి మాట్లాడే తీరికెక్కడిదని పెద్ద డాక్టరే ఒకసారి నవ్వాడు. అందరూ సరేనంటే తనూ తలూపడం, ఇచ్చిన టీ తాగి కొట్టుకు వెళ్ళిపోవడం దర్జీకి అలవాటైపోయింది.

ఆ ఉదయం కమిటీ వార్డులు చూడటానికి వచ్చింది. ప్రతి వార్డులోనూ గాలి మిషను పనిచేస్తూ కనిపించాలని పోయిన మీటింగులో గట్టిగా అనుకున్నారు. ఊపిరాడనివాళ్ళకు గొట్టంతో ఆక్సిజన్ అందించే మిషను అది. చక్రాల మీద నడుస్తుంది.

మొదట ఛాతీ వార్డు. కిటికీ పక్క మంచం మీద దర్జీ అక్క ఉంది. మిషను పక్కరేకు గడగడమని మోగుతూ నిద్ర పట్టనివ్వడం లేదని ఆమె సణిగితే, దర్జీ ముందురోజే ఎర్రగుడ్డ పీలిక తెచ్చి దాన్ని బిగించి ముడివేశాడు.

"వచ్చాడమ్మా మెంబరు! ముందు ఆ బొత్తాం సరిగ్గా పెట్టుకోరా. ఊరి బట్టలన్నీ కుడతావు, నీ చొక్కా చూసుకోవు," అంది అక్క, ముక్కు దగ్గర గొట్టం సర్దుకుంటూ.

కమిటీ అధ్యక్షురాలు నవ్వింది. పెద్ద డాక్టరు ఇంకా గట్టిగా నవ్వి అందరినీ మెట్లవైపు నడిపించాడు. దారిలో కొత్తగా వేసిన రంగులు చూపించాడు, కుళాయిలు తిప్పి చూపించాడు. అంత పని ఉన్న మనిషికి ఇంత తీరికేమిటో దర్జీకి బోధపడలేదు.

పై వార్డులో ఒక ముసలాయన మూలమంచం మీద పడుకుని ఉన్నాడు. పక్కన మిషను నడుస్తోంది. దాని పక్కరేకుకు ఎర్ర పీలిక కట్టి ఉంది.

దర్జీ వంగి చూశాడు. తన ముడి తనకు తెలియదా! మరి కింద అక్క?

పరుగెత్తబోయిన దర్జీ చెయ్యి పెద్ద డాక్టరు మెల్లగా పట్టుకున్నాడు. "కంగారుపడకండి. మీ అక్కగారు కాసేపు ఓర్చుకోగలరు, కింద నర్సు దగ్గరే ఉంది. పిల్లల వార్డు కూడా అయిపోతే తిరిగి పెట్టేస్తారు," అన్నాడు చెవిలో.

దర్జీకి మిషను లాక్కుని కిందికి పోదామనిపించింది. దాని పిడిమీద చెయ్యి కూడా వేశాడు. ముసలాయన కూతురు అతని మణికట్టు పట్టుకుంది.

"తీసుకెళ్ళకు బాబాయ్. పొద్దున్నించీ కాళ్ళావేళ్ళా పడితే ఇప్పుడు తెచ్చారు. చూడు, పెదాలకు రంగొచ్చింది."

నిజమే. ముసలాయన కళ్ళు మూసుకుని, ఆకలిగొన్నవాడు అన్నం తిన్నట్టు గాలి పీలుస్తున్నాడు. ప్లగ్గు దగ్గర ఇంకో నర్సు వంగి నిలబడి, పెద్ద డాక్టరు సైగ కోసం చూస్తోంది. ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఇక పిల్లల వార్డు," అన్నాడు పెద్ద డాక్టరు.

"అమ్మా, మీరు కదలొద్దు," అన్నాడు దర్జీ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

అధ్యక్షురాలు వెనక్కి తిరిగింది. "ఏమయ్యా?"

"మీరు కదిలితే ఈ మిషను కదులుతుంది. కింద మా అక్క దగ్గరుండాల్సిందే ఇది. మనకంటే ముందు పైకొచ్చింది."

"అవన్నీ మీటింగులో మాట్లాడుకుందాం. పేషెంట్ల ముందేమిటి?" అన్నాడు పెద్ద డాక్టరు. అతని ముఖం కందగడ్డయింది.

అధ్యక్షురాలు ఆయన్నీ చూసింది, ప్లగ్గు దగ్గర నర్సు చేతినీ చూసింది. నర్సు గబుక్కున చెయ్యి వెనక్కి దాచుకుంది. అధ్యక్షురాలు స్టూలు లాక్కుని మిషను పక్కన కూర్చుంది. "నేనిక్కడే ఉంటాను. ఇంకోటి ఎక్కడుందో తెప్పించండి."

"ఉన్నవన్నీ రిపేరులో..."

"అన్నీనా?"

ఆయన గొంతు తగ్గించాడు. "అధికారుల గదిలో ఒకటుంది. ఎవరికైనా అవసరమొస్తే అని..."

"అవసరమొచ్చింది," అంది ఆవిడ.

ఆయన ఫోను తీసేలోగా దర్జీ మెట్లు దిగుతున్నాడు. వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది: "మీరూ వెళ్ళండి డాక్టరుగారూ. అది వచ్చేదాకా ఆ మంచం దగ్గరే ఉండండి."

అక్క ముందుకు వంగి మంచం కమ్మీ పట్టుకుని ఉంది. మెడ నరాలు తాళ్ళలా తేలాయి. దర్జీ ఆమె వీపుకు తన భుజం ఆనించాడు.

"మిషనేదిరా?"

"పైనుంది."

"తెస్తున్నారా?"

"లేదక్కా. అక్కడే ఉంచమన్నాను. ఒక ముసలాయన... ఇంకోటి వస్తుంది."

అక్క తల తిప్పి అతన్ని చూసింది. తిట్టడానికి కావలసినంత గాలి ఆమె దగ్గర లేదు. "నీ మొహం," అని మాత్రం అనగలిగింది.

పెద్ద డాక్టరు రొప్పుతూ వచ్చి, నర్సుచేత సూది మందు వేయించి, మంచం పక్కనే నిలబడ్డాడు. అక్కకు కమ్మీ సరిపోలేదు. చెయ్యి గాలిలో వెతికి ఆయన కోటు చేతిని దొరకబుచ్చుకుంది. ఒక్కో ఊపిరికీ గుడ్డ బిగుసుకుంటోంది. ఆయన వదిలించుకోలేదు. ఎదుట మంచాలవాళ్ళందరూ లేచి కూర్చుని చూస్తున్నారు.

"అధికారుల గది తాళంచెవి దొరకడం లేదు సార్," అంది ఫోనులో గొంతు.

"తలుపు పగలగొట్టండి!" అని అరిచాడు పెద్ద డాక్టరు. ఆ ఆసుపత్రిలో ఆయన అంత గట్టిగా అరవడం ఎవరూ వినలేదు.

"ఇంకొంచెం, అక్కా," అన్నాడు దర్జీ.