సన్మానవేదికపై రోగి

వైశాఖమాసమున సూర్యుడు నడినెత్తికి వచ్చి కళాశాల ముంగిటనున్న తురాయిచెట్ల నీడలను వాని మొదళ్లలోనికే మడిచివేయగా ఆసుపత్రి వసారాలలో రోగుల బంధువులు విసనకఱ్ఱలతో గోడలకు జేరగిలియుండగా సముద్రమునుండి రావలసిన గాలి రాక నిలిచిపోగా వైద్యకళాశాలా సభాభవనమున నాడు పదవీవిరమణము చేయుచున్న యాచార్యులిద్దఱకు సన్మానము జరుగుచుండెను.

మొదటివాడు తంగిరాల సోమయాజులు. ఆయన పని రోగుల పడకలచెంత. రెండవయామె జీవరసాయనశాస్త్రమును బోధించు బొడ్డు సుగుణమణి. ఆమె పని రోగుల రక్తము నింపిన గాజునాళికలచెంత. ఉద్యోగమున జేరిననాటినుండియు మెట్లపై నెదురుపడినపుడెల్ల నాయన “ఏమమ్మా, నేడైన నొక రోగిని జూచితివా?” యని యడుగుటయు నామె “మీ రోగులు మీతో నబద్ధమాడుదురు, వారి రక్తము నాతో నాడదు” అని సాగిపోవుటయు వారి కలవాటు. నాడు వేదిక మెట్లెక్కునపుడు మాత్ర మాయన యేమియు నడుగక ముందునకు నడచెను.

అందులకు గారణము కలదు. మధుమేహరోగియగు సోమయాజులు ప్రాతఃకాలమున నిన్సులిన్ సూది వేసికొని పలహారమునకు గూర్చుండబోవునంతలో శిష్యులు కారు దెచ్చి “సభయొద్దనే సర్వము సిద్ధముగా నున్నది, రండు గురువుగారూ” అని తీసికొనిపోయిరి. అచ్చట ముఖ్యాతిథియగు నుపకులపతి రానిదే యెవరికిని బలహారము పెట్టుట మర్యాద కాదని ప్రధానాచార్యుడు ముక్తేశ్వరరావు వంటవారిని నిలిపెను; సోమయాజులును నడుగుటకు మొగమాటపడెను. ఉపకులపతి మధ్యాహ్నమునకు గాని రాలేదు; రాగానే పలహారము మాట మఱచి సభ మొదలిడిరి. ఇన్సులిన్ మర్యాద నెఱుగదు. తిండిలేని దేహమున రక్తమునందలి చక్కెరను తగ్గించుచునే పోయెను. అట్టివానికి మొదట మతి తప్పును, పిమ్మట స్పృహ తప్పును, అప్పటికిని చక్కెర యందకున్న బ్రాణము పోవును. ఈ సంగతి నా భవనముననున్న వైద్యులందఱకు నేర్పినవాడు సోమయాజులే.

ప్రసంగములు సాగెను. సోమయాజులను పేరుగల యొకానొకని గూర్చి వక్తలు చెప్పుచుండగా నాయన వినుచుండెను. ఆ మనుష్యుడు మంచివాడనియు బెక్కుమందిని బ్రతికించెననియు దెలిసెను గాని వేదికపై నెచ్చట గూర్చున్నాడో తెలియలేదు. ప్రక్కనున్న సుగుణమణి వైపు వంగి “ఆ పెద్దమనిషి యింకను రాలేదా?” యని యడిగెను.

“వచ్చియున్న నింత పొగడ్త సాగనిచ్చునా?” యని యామె హాస్యమని తలచి మెల్లగా నవ్వెను.

సోమయాజులకు నవ్వెందుకో తెలియలేదు. ఎవరో వచ్చి భుజములపై శాలువ కప్పిరి. ఈ యెండలో దుప్పటి యేలనని యాయన దానిని దీసి మడిచి యుపకులపతి యొడిలో నుంచెను. సభికులు చప్పట్లు కొట్టిరి. నుదుటినుండి చెమట ధారలు కట్టుట చూచి ముక్తేశ్వరరావు శాలువను మరల గప్పుచు “గురువుగారి హృదయము నిండి పొంగుచున్నది” అని మైకులో జెప్పెను. మఱల జప్పట్లు.

పిమ్మట నాయనను మాటాడుమనిరి. ఆయన లేచి యుపన్యాసపీఠమును జేరెను. పీఠముపై నొక చేయి కనబడెను. అది వణకుచుండెను. ఎవరి చేయియో తెలియకున్నను జేయవలసిన పని తెలిసినది గావున రెండవచేతితో దాని మణికట్టును బట్టి నాడిని జూచి యెదుటనున్న ముఖములతో నిట్లనెను.

“ఈ రోగిని జూడుడు. చెమట పట్టినది. చేయి చల్లగా నున్నది. నాడి పరుగెత్తుచున్నది. పేరు చెప్పలేకున్నాడు. మొదట నేమి చేయుదురు?”

గురువుగారు తుదిపాఠము నభినయించుచున్నారని శిష్యులు మురిసిపోయిరి. ముందువరుసలోని ముసలివైద్యులు మొదలు కడవరుసలోని విద్యార్థుల వఱకు నొక్కపెట్టున “చక్కెర, గురువుగారూ!” అని యఱచిరి.

“సరియే” అని సోమయాజులు వేచెను. చప్పట్లు మ్రోగెను గాని యెవరును లేవలేదు. సమాధానము తెలిసినవారు చప్పట్లేల కొట్టుచున్నారో, చక్కెర యేల తేకున్నారో యాయన కంతుపట్టలేదు. “మఱి యేల పెట్టరు?” అని యడిగెను. నవ్వులు హెచ్చెను. “ఈ రోగికి నావారనువారు లేరా?”

“మేమందఱము లేమా!” యని వెనుకనుండి యొకడు కేకవేసెను.

సుగుణమణి నవ్వలేదు. ఉపకులపతి పెదవులకెత్తుచున్న బత్తాయిరసపు గ్లాసును జేతిలోనుండి లాగికొనెను.

“అమ్మా, అది నాది!” యని యాయన తెల్లబోయెను.

“ఎఱుగుదును” అని యామె పీఠమువద్దకు బోయి సోమయాజుల నోటికి గ్లాసు నానించెను. “త్రాగుడు. రోగి మీరే.”

రసము కొంత శాలువపై నొలికెను. ఈమె యెవరో యేల బలవంతము చేయుచున్నదో తెలియకయే యాయన మ్రింగెను. ఆమె తన సంచిలోని పటికబెల్లపు ముక్కను నాయన నాలుకపై నుంచి నిలబడెను. చప్పట్లొక్కొక్క వరుసలో నాగిపోయెను. కుర్చీలు కదలెను. ఎవరో వంటయింటికి బరుగెత్తి లడ్డూల గంపనే మోసికొని వచ్చిరి. సోమయాజులకు మొదట దీపి తెలిసెను, తరువాత దన చేయి తనదని తెలిసెను, ఆ తరువాత నెదుటనున్నది సుగుణమణి యని తెలిసెను.

“నీ వెట్లు కనిపెట్టితివి?”

“వేదిక మెట్లపై మీరు నన్ను బ్రశ్న యడుగలేదు. అప్పుడే పోల్చుకొనవలసినది. సన్మానము తలకెక్కినదనుకొంటిని.”

ఆయన శాలువ కొంగుతో మూతి తుడుచుకొనెను. “ఇపు డడిగెదను. ఏమమ్మా, నేడైన నొక రోగిని జూచితివా?”

“చూచితిని” అనె నామె. “అబద్ధమాడని రోగిని.”

ముక్తేశ్వరరావు విందునకు లెండని చేయెత్తి చూపెను గాని మైకు ముట్టలేదు. ఆ భవనమున సరియైన సమాధానము చెప్పనివాడొక్కడును లేడు. నాటి విందులో వారిలో నొక్కడును సోమయాజులు మొదటి ముద్ద మ్రింగువఱకు విస్తరి ముట్టలేదు.